వావిలి దొరికిన చోటు

వావిలాకు చేదు. ఆ చేదు నాలుక మీద కంటే గొంతులో ఎక్కువసేపు ఉంటుంది. ఆవులు మూతి పెట్టవు, మేకలు వాసన చూసి తప్పుకుంటాయి. నేను ఆ ఆకుని డిగ్రీలో చదువుకున్నాను, బొమ్మ గీశాను, క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నాను. ఆ మార్కు ఎలా వచ్చిందో చెబుతాను. నన్ను నేను వెనకేసుకు రావటానికి మాత్రం కాదు. వెనకేసుకు రావటానికి ఇందులో ఏమీ లేదు.

మా ఊరు కంకిపాడుకి ఇవతల, కాలువ పక్కన. డెల్టాలో నేల సంగతి చూసినవాళ్ళకి తెలుసు. చారెడు జాగా కనిపిస్తే దుక్కి దున్ని వరి ఊడుస్తారు. పొలం గట్టు మీద కూడా కంది నాటుతారు. అలాంటి చోట తనంతట తాను మొలిచిన పొద పెద్దదవ్వాలంటే అది ఎవరి పట్టాలోనూ లేని చోటు కావాలి. అంటే కాలువ కట్ట. కట్ట మీద కూడా పొయ్యిలోకని ఒకరు, బుట్టలల్లే బెత్తాలకని ఒకరు కొట్టుకుపోతూనే ఉంటారు. డెబ్భైలు వచ్చేసరికి మా చుట్టుపక్కల వావిలి గుబురుగా మిగిలింది ఒక్క చోటే. కాలువ గేట్లుండే లాకులు దాటాక, ఎడమ కట్ట లోపలి వాలున, ముందు తుమ్మలూ ముళ్ళకంపా అడ్డం ఉండేవి. పై నుంచి నడిచేవాళ్ళకి కనిపించేది కాదు. అక్కడ వావిలి మనిషి ఎత్తు దాటి పెరిగింది.

ఆ చోటు మా అమ్మకి తెలుసు. లాకుల దగ్గర ఉండే లస్కరుకి తెలుసు, గేట్లు ఎత్తి దించే పని కాబట్టి కట్టంతా తిరుగుతాడు. నాకు తెలుసు. అంతే.

మా అమ్మ బాలింతలకి నీళ్ళు పోసేది. మా వైపు కాన్పయిన మనిషికి వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోస్తేనే నడుము గట్టిపడుతుందని నమ్మకం. పెద్ద కాగులో ఆకు దట్టంగా కుక్కి, నీళ్ళు పోసి, నీళ్ళు టీ రంగుకి తిరిగేదాకా మరిగించేది. బాలింతని పీట మీద కూర్చోబెట్టి, నడుము మీద, తొడల మీద, ఓర్చుకోగలిగినంత వేడిగా చెంబుతో పోసేది. తర్వాత పిల్లని చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి పోసేది. ఆ ఊళ్ళో నాతోటి వాళ్ళు సగంమంది మా అమ్మ కాళ్ళ మీద పెరిగినవాళ్ళే.

మేం చర్చి పేటవాళ్ళం. రైతుల ఇళ్ళకి మా అమ్మ పెరటి దోవన వెళ్ళేది, దొడ్లో తడికల చాటున నీళ్ళు పోసేది, అదే దోవన వచ్చేసేది. అంతసేపూ పిల్ల మా అమ్మ ఒళ్ళో ఉంటుంది కదా, అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు. పని అయ్యాక మాత్రం ఆ ఇంటి పెద్దావిడ పిల్ల మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి అప్పుడు ఎత్తుకునేది. ఇది చూసి నాకు చిన్నప్పుడే కడుపు మండేది. మా అమ్మతో అంటే, "ఆళ్ళ పిల్ల, ఆళ్ళ నీళ్ళు. నీకెందుకే" అనేది.

నీళ్ళు పోయటంతో పాటు అమ్మ నాట్లకీ కలుపులకీ కూడా వెళ్ళేది. మోకాళ్ళు పట్టేశాక వంగలేకపోయింది. ఇంక ఆమెకి మిగిలిన పని ఈ నీళ్ళు పోయటమే. నాన్న కూలి ఇంటికి సరిపోయేది కాదు. నన్ను బెజవాడలో హాస్టల్లో పెట్టి చదివించారంటే అందులో వావిలాకు వాటా ఎంతో నాకు బాగా తెలుసు. అది తెలిసీ చేశాను నేను చేసిన పని.

ఆకు కోయటంలో అమ్మకి ఒక పద్ధతి ఉండేది. ఒకే పొద మీద పడేది కాదు. ఈసారి ఈ పొదలో నాలుగు కొమ్మలు, వచ్చేసారి ఆ పక్క పొదలో నాలుగు. కొమ్మని కణుపు పైన కోసేది, కింద రెండు కణుపులు వదిలేది. "అక్కణ్ణించి మళ్ళీ చిగురేస్తది" అనేది. ఆకుకి ఎన్ని రేకులో వేలితో తడిమి చూసేది. అయిదు రేకుల ఆకు తీసుకునేది, మూడు రేకులది వదిలేసేది. "అది ఇంకా పసిది, ఉండనీ." వానలు మొదలై కాలువకి నీళ్ళు వదిలాక వచ్చిన చిగురు అసలు ముట్టుకునేది కాదు. పూత కనపడ్డాకే కత్తి పెట్టేది.

ఇంకొకటి ఉంది. ఆ చోటు ఎవరికీ చెప్పేది కాదు. చెబితే మందుకి పస పోతుందని ఆమె వాళ్ళమ్మ చెప్పిందట. "ఎక్కడ కోసుకొస్తావే ఇంత మంచాకు" అని రైతుల ఆడవాళ్ళు అడిగితే, "దేవుడిచ్చిన చోటండీ అమ్మగారూ" అని ఊరుకునేది. మా పాస్టరుగారు ఒక ఆదివారం ఇది మూఢనమ్మకమని చెప్పారు. అమ్మ శ్రద్ధగా విని తలూపింది. మర్నాడు పొద్దున్నే సంచి తీసుకుని, ఎవరూ చూడకుండా చుట్టు తిరిగి కట్ట దిగింది.

డిగ్రీ రెండో సంవత్సరంలో బోటనీకి హెర్బేరియం చేయాలి. అంటే మొక్కని పూలతో సహా కోసి, పాత పేపర్ల మధ్య అణచి ఎండబెట్టి, అట్ట మీద అంటించి, కింద చీటీ రాయాలి. పేరు, కుటుంబం, లక్షణాలు, ఎలాంటి నేలలో పెరుగుతుంది, దొరికిన చోటు, సేకరించిన తేదీ, సేకరించినవారి పేరు. మిగతావాళ్ళు కాలేజీ తోటలో దొరికిన మందారాలూ నూరువరహాలూ అంటించి పారేశారు. నాకు పౌరుషం ఎక్కువ. హాస్టల్ పిల్లవి, చర్చి పేట పిల్లవి అని ఎవరూ నోటితో అనకపోయినా, చూసే చూపులో ఉండేది. వీళ్ళెవరికీ తెలియని మొక్క తెస్తాను అనుకున్నాను.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళి అమ్మతో పాటు కట్ట దిగాను. చదువు కోసమని చెబితే అమ్మ సంతోషంగా తనే మంచి కొమ్మ వెతికి కోసి ఇచ్చింది. అరుగు మీద కూర్చుని పగలంతా దాన్ని విప్పి చూశాను. అన్నేళ్ళుగా చూస్తున్న పొదని అప్పుడే మొదటిసారి చూసినట్టు. లేతకొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా పుడతాయి. ఒక్కో ఆకులో అయిదు రేకులు, చేతి వేళ్ళలాగే మధ్యది పొడుగు. చివరి రెండూ చిన్నవి, వాటికి కాడ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. పైన ముదురాకుపచ్చ, తిరగేస్తే తెల్లగా నూగు. గాలికి పొద మొత్తం ఒక్కసారి తెల్లబడి మళ్ళీ పచ్చబడటం ఆ నూగు వల్లే. కొమ్మ చివర గుత్తిగా పూలు, నీలమూ ఊదా కలిసిన రంగు, కందిగింజంత. ఆ గింజంత పువ్వులోనే పై పెదవి, కింద పెదవి. కింద పెదవిలో మధ్య రేక మిగతావాటికన్నా పెద్దది. కేసరాలు నాలుగు, రెండు పొడుగు, రెండు పొట్టి. కాయ మిరియమంత, పండితే నల్లన. అవన్నీ గీశాను. అమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ నా బొమ్మ చూసింది.

"కింది రెండాకులూ చిన్నయిగా బలే ఏశావే" అంది. "చాలామందికి కనపడదు అది."

లెక్చరర్‌గారు నా చీటీ చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు. పాఠం ప్రాణం పెట్టి చెప్పేవారు. అంతా చదివి, "దొరికిన చోటు" దగ్గర ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు. నేను అక్కడ "కంకిపాడు దగ్గర, కాలువ గట్టు" అని మాత్రం రాశాను. తెలిసే అలా రాశాను. అమ్మ మాట అప్పటికింకా గుర్తుంది.

"దగ్గర అంటే ఎంత దగ్గరమ్మా? ఏ కాలువ? ఏ వైపు గట్టు?" అన్నారు. "ఈ చీటీ పట్టుకుని రేపు ఇంకొకడు వెళ్ళి సరిగ్గా అదే పొద ముందు నిలబడగలగాలి. అలా లేకపోతే ఇది హెర్బేరియం కాదు, ఎండుగడ్డి."

క్లాసు నవ్వింది. ఆ నవ్వు నాకు తలకెక్కింది. ఆయన అన్నది శాస్త్రం, అమ్మ చెప్పేది చాదస్తం. అలా అనుకోవటం ఎంత సుఖంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రమే హాస్టల్లో కూర్చుని చీటీ మళ్ళీ రాశాను. లాకుల నుంచి ఎన్ని అడుగులు, ఎడమ కట్ట లోపలి వాలు, ముళ్ళకంపకి వెనక దారి ఎటు, పొదలు సుమారు ఎన్ని, అన్నీ. పక్కన చిన్న నక్షా కూడా గీశాను. అది ఎవరూ అడగలేదు. అది నా సొంత తెలివి.

మార్కు వచ్చింది. మొదటి మార్కు. వార్షికోత్సవానికి మా శాఖవాళ్ళు మందుమొక్కల ప్రదర్శన పెట్టి, నా అట్టని ముందు బల్ల మీద ఉంచారు. నన్ను పక్కన నిలబెట్టారు, వచ్చినవాళ్ళకి వివరించమని. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, కనబడినవాళ్ళకల్లా నాలుగు పలకల కొమ్మ గురించి చెప్పాను.

గవర్నర్‌పేటలో ఆయుర్వేద సరుకులు హోల్‌సేలుగా అమ్మే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ పంచె, జేబులో రెండు పెన్నులు. మిగతా బల్లలన్నీ ఒక్క చూపులో దాటేసి నా దగ్గర ఆగాడు. కళ్ళజోడు పెట్టుకుని చీటీ అంతా చదివాడు.

"ఎంత చక్కగా రాశావు తల్లీ" అన్నాడు. "మా మనుషులు తెచ్చేదాంట్లో సగం ఏదో పిచ్చాకు. ఇది అసలుది. ఒక్క చోటే ఇంత ఉందా?"

"ఉందండీ. మనిషికన్నా ఎత్తు" అన్నాను.

"ఆకు ఎప్పుడు బాగుంటుందమ్మా?"

చెప్పాను. అమ్మ ఏళ్ళ తరబడి నేర్చుకున్నదంతా నాలుగు మాటల్లో చెప్పేశాను. అంతటితో ఆగినా బాగుండేది. "వేరు కూడా వైద్యంలో వాడతారండీ, పుస్తకంలో ఉంది" అన్నాను. ఆయన తలూపి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. చీటీ నకలు ఉంటే ఇస్తావా అని అడిగాడు. నా దగ్గర రఫ్ కాపీ ఉంది, ఆకు బొమ్మతో, నక్షాతో సహా. పరిగెత్తుకుని వెళ్ళి తెచ్చి ఇచ్చాను. మా ఇంటికి వస్తే ఆయన మంచినీళ్ళు తాగేవాడో లేదో తెలియదు గానీ, ఆ కాగితం మాత్రం రెండు చేతులా తీసుకున్నాడు. నాకు ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేశారు. నీళ్ళు లేని కాలువలోకి లారీ దిగుతుంది. పరీక్షలయ్యి నేను ఇంటికి వెళ్ళేసరికి అంతా అయిపోయి వారం.

ఆ వారంలో పెద్ద రైతు ఇంట్లో కోడలు కాన్పయింది. అమ్మ సంచీ, కొడవలీ తీసుకుని కట్ట దిగింది. పొదలు లేవు. కోసి ఉంటే మళ్ళీ చిగురుస్తుందని సరిపెట్టుకునేది. గునపాలతో వేళ్ళతో సహా తవ్వి తీశారు. వాలంతా గుంటలు. ముళ్ళకంపని పక్కకి లాగి పారేశారు, ఇంక దాచాల్సింది ఏమీ లేదు కదా. అమ్మ ఆ గుంటల మధ్య తిరిగి, తెగిన వేరుముక్కలు నాలుగు ఏరి కాలువ తడి ఉన్న చోట పాతి వచ్చింది. అవి బతకలేదు.

ఆకు లేకుండా ఆ ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? పక్క ఊళ్ళ కట్టలన్నీ ఎండలో నడిచింది. దొరికింది మూడు రేకుల పిలకలు పిడికెడు. చివరికి వేపాకు కాచి తీసుకెళ్ళింది. పెద్దావిడ కాగు మూత తీసి వాసన చూసింది.

"వేపాకు నీళ్ళు పోయటానికి నువ్వెందుకే. మా ఇంట్లో చేతులున్నాయి" అంది.

అంతే. పెద్ద ఇంట్లో వద్దన్నాక చిన్న ఇళ్ళవాళ్ళు ఎందుకు పిలుస్తారు. ఇరవై ఏళ్ళు పిల్లల్ని కాళ్ళ మీద వేసుకున్న మనిషిని ఒక్కరూ ఎలా ఉన్నావని అడగలేదు. ఆ మనుషుల మీద నాకు కోపం ఉంది, చచ్చేదాకా ఉంటుంది. కానీ ఆ కోపం నాకు చాలా అక్కరకొచ్చింది కూడా. వాళ్ళని తిట్టుకుంటున్నంతసేపూ నన్ను నేను తిట్టుకోవాల్సిన పని ఉండేది కాదు.

నేను సంచి దించీ దించగానే అమ్మ ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. లారీవాళ్ళు లాకుల గోడ మీద ఇటుక కింద పెట్టి మరిచిపోతే లస్కరు తీసుకొచ్చి ఇచ్చాడట. "ఈ కాగితం చూసుకుంటానే తవ్వారక్కా" అన్నాడట. ఇంగ్లీషులో ఉందని అతను చదవలేకపోయాడు.

"చదివి పెట్టవే" అంది అమ్మ. "ఎవరు చెప్పారో ఉంటది అందులో."

నా బొమ్మ. నా నక్షా. చివర నా పేరు. మట్టి మరకలు పడి, నాలుగు మడతల దగ్గరా నలిగి ఉంది.

"కాలువ ఆఫీసు కాగితమమ్మా" అన్నాను. "కట్ట బాగు చేస్తారట."

"ఇంత చిన్న కాగితంలోనా?"

"ఆ."

అమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ అవే మడతలు పెట్టి, బైబిల్లో పెట్టుకుంది. అమ్మకి బైబిలు చదవటం రాదు. ఆదివారం చేత్తో పట్టుకుని వెళ్ళేది, ముఖ్యమైనవి దాచుకునేది.

ఆ ఏడు తొలకరికి అమ్మ మళ్ళీ నాట్లకి వెళ్ళింది, ఆ మోకాళ్ళతోనే. నా మూడో సంవత్సరం చదువు ఆ బురదలోంచి వచ్చింది. రోజూ సాయంత్రం ఒడ్డుకి రావటానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేదని నాన్న చెప్పాడు. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా చెప్పేద్దాం అనుకునేదాన్ని. అన్నం తిన్నాక చెబుదాం, పొద్దున్నే చెబుదాం, బస్సెక్కేముందు చెబుదాం. నా గొంతులో వావిలాకు నమిలినట్టే ఉండేది గానీ, నోరు మాత్రం తెరుచుకోలేదు. సిగ్గు అనుకున్నాను అప్పుడు. సిగ్గు కాదు, పిరికితనం.

డెబ్భైలు ముగిసేలోపే అమ్మ మంచం దిగటం కష్టమైంది. అప్పటికి నాకు హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. సైన్సే చెప్పేదాన్ని. ఒక శనివారం బెజవాడ వెళ్ళినప్పుడు, ఏ నూనె రాస్తే నొప్పులు తగ్గుతాయని గవర్నర్‌పేటలో మందుల కొట్టులో అడిగాను. కొట్టతను ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. వావిలి తైలం. చీటీ మీద అయిదు రేకుల ఆకు అచ్చు వేసి ఉంది. ఎవరు గీశారో గానీ రేకులన్నీ ఒకే కొలతలో గీశారు. వద్దని వెనక్కి తోసేద్దామనిపించింది. అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చి కొన్నాను.

మధ్యాహ్నం ఇంటికి చేరి, మంచం పక్కన కూర్చుని మూత తీశాను. వాసనకి అమ్మ కళ్ళు తెరిచింది. సీసా చేతిలోకి తీసుకుని, వాసన చూసి, వేలికి కొంచెం రాసుకుని నాలుక మీద పెట్టుకుంది.

"వావిలే" అంది. "ఏం రాశాడే దీని మీద?"

చదివాను. నూనె పేరు, ఏ నొప్పులకి పనికొస్తుంది, రోజుకి ఎన్నిసార్లు రాయాలి.

"ఆకు ఎక్కడ కోసిందీ రాశాడా?"

"లేదమ్మా."

"ఎక్కడా లేదా? సరిగ్గా చూడు."

సీసా తిప్పి చూశాను. "లేదు."

"ఊఁ. నీ అంత చదువుకోలేదేమో పాపం" అంది.

సీసా మీంచి తలెత్తి చూశాను. అమ్మ మొహంలో కోపం ఏమీ లేదు. తలగడ పక్కనున్న బైబిలు తీసి, మధ్యలోంచి ఆ కాగితం తీసి, మడతలు విప్పి నా ఒళ్ళో పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయి నాలుగు ముక్కలుగా ఉంది. బొమ్మ ఉన్న ముక్క మీద వేలు పెట్టింది. కింది రెండు చిన్న రేకుల మీద.

"ఇట్టా ఏసేది నువ్వొక్కదానివే. లస్కరు ఇచ్చిన రోజే తెలుసు నాకు. నువ్వే చెబుతావులే అని ఊరుకున్నా" అంది. "ఇప్పుడు చదువు."

నాలుగు ముక్కలూ మంచం మీద కలిపి పెట్టి, ఒక్కో వరసా తెలుగులో చెప్పాను. మొక్క పేరు. ఎలాంటి నేలలో పెరుగుతుంది. లాకుల నుంచి ఎన్ని అడుగులు. ఏ కట్ట, ఏ వాలు, ముళ్ళకంప వెనకకి దారి ఎటు. పొదలు ఎన్ని. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. మధ్యలో ఒకసారి, "అడుగులు సరిగ్గానే లెక్కపెట్టావు" అంది. చివర సేకరించినవారు అని ఉన్న దగ్గర ఆగిపోయాను.

"అది కూడా" అంది అమ్మ.

నా పేరు చదివాను.

అమ్మ తలూపింది. చీర మోకాలి పైకి లాక్కుని, కాలు నా వైపు చాపింది, నూనె రాయమని.